కీలీ జారవిడిచిన బంతులు

కర్ర చివరి వలతో బంతిని పట్టి విసిరే లక్రాస్ ఆట క్లబ్బు ఎంపికల రోజున తండ్రులను మైదానంలోకి రానివ్వరు. కారులోనే కూర్చుని, పక్క కార్లలో గోళ్లు కొరుక్కుంటున్న తండ్రులను ఏడిపిస్తూ కాలక్షేపం చేశాను.

ఈ జట్టు కోసం చలికాలమంతా గ్యారేజీ గోడకు బంతి కొట్టిన మా కీలీ, వల కర్ర ఈడ్చుకుంటూ వచ్చి కూర్చుంది. ఆట కళ్లద్దాలు తీయలేదు.

"జట్టులో చోటు రాలేదు నాన్నా. బంతులన్నీ జారవిడిచాను."

"చేతులకి వెన్న రాసుకెళ్లావేంటే? పోనీలే, ఆ వలతో పీతలు పట్టుకుందాం. మన మేరీలాండ్‌లో వాటికేం కరువు?"

నా వెటకారానికి ఎప్పుడూ పడీపడీ నవ్వే పిల్ల, నవ్వలేదు.

దాని చొక్కా మీద క్లబ్బువాళ్ల నంబరు బనీను అలాగే ఉంది. అది విప్పించి, తిరిగిచ్చేయడానికి నేనే వెళ్లాను.

"ఇన్ని బంతులు జారవిడిచే పిల్లని అంతసేపు ఆడించారు, మీ ఓపికకి దండం," అన్నాను కోచ్‌తో.

ఆవిడ తెల్లబోయింది. "ఒక్కటీ జారలేదండీ. అందరికన్నా బాగా ఆడింది. తీసుకున్నాం కూడా."

"మరి?"

"పోయిన ఏడాది మీరు మైదానం గట్టు మీంచి రిఫరీనీ, అవతలి జట్టు పిల్లల్నీ వెక్కిరించారు కదా. ఈసారి మ్యాచ్‌లకి మీరు రాకూడదని తనతో చెప్పాం. 'మా నాన్న రాని చోట నేను ఆడను' అనేసింది."

కారులోకి వచ్చాను. సీటు బెల్టు పెట్టుకున్నాను.

"కోచ్ ఏమంది నాన్నా?" కీలీ గొంతులో భయం.

"ఏమంటుంది? బంతులన్నీ జారవిడిచావంది."

"చెప్పాగా," అంటూ కళ్లద్దాలు తీసి, అప్పుడు నవ్వింది.