మామ చెప్పించిన చదువు

బీకాం చాలదని బొంబాయి పోయి ఎంకాం చదివి వచ్చిన సోమశేఖర్‌కు, సిద్దిపేటలో మామ రాధాకిషన్ ధాన్యం దుకాణం చూడగానే రోత పుట్టింది. పసుపు పూసిన చిట్టాలు, శ్రీకారం చుట్టందే అంకె వేయని గుమాస్తాలు.

"వీటిని లెక్కలంటరా మామా? మా ప్రొఫెసర్ చూస్తే ఉమ్మేస్తడు."

ఆ చదువుకు ఖర్చంతా పెట్టిన మామ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మాకేం తెలుస్తది అల్లుడుగారూ. ఇగ మీరే కింద దస్కత్ చేయున్రి."

ఆ చెత్త చదవడం నామోషీ అనిపించింది సోమశేఖర్‌కు. కాగితాలు తిప్పుతూ, పేరు పక్కన ఎంకాం అని కూడా తగిలించి, అన్నింటి మీదా సంతకం గిలికాడు.

యుద్ధం రోజులు. గింజలు దాచితే జైలే. దసరా ముందు పోలీసు అమీన్ వచ్చి వెతికితే, లెక్కలో ఖాళీ అని రాసిన గోదాము నిండా జొన్న బస్తాలున్నాయి.

"ఈ దస్కత్ ఎవరిది?"

రాధాకిషన్ తలరుమాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. "మేము చదువురానోళ్లం, అమీన్ సాబ్. లెక్కలన్ని మా అల్లుడే చూస్తడు. బొంబాయిల చదివిండు."

సోమశేఖర్‌ను బేడీలు వేసి తీసుకుపోయారు. రాధాకిషన్ రుమాలు మళ్లీ తలకు చుట్టుకుంటూ గుమాస్తా వైపు తిరిగాడు.

"చిన్నల్లుని బీకాం ఎప్పుడైతది? ఆయన్ని గూడ బొంబాయి తోలుదాం."