వెనక సీటు

"సాకెట్ బిగిస్తారా అండీ?" బైకు తోసుకుంటూ వచ్చిన మనిషి షెడ్డు ముందు ఆగి అడిగాడు.

"ఏం సాకెట్?" మెకానిక్ తలెత్తలేదు.

"బ్యాటరీ దిగిపోతే ఇంకో బ్యాటరీ నుంచి వైర్లు తగిలించి స్టార్ట్ చేస్తారు చూడండి, అది. సీటు విప్పే పనిలేకుండా బయటికే ఉండాలి."

"కిక్ కొట్టుకోవచ్చుగా."

"దీనికి కిక్ లేదండీ, సెల్ఫ్ ఒక్కటే. నిన్న నడిరోడ్డు మీద మొండికేసింది. పొద్దున ఒకాయన వైర్లు తెచ్చాడు గానీ, సీటు విప్పడానికి ఇద్దరి దగ్గరా పానా లేదు. మళ్లీ అలా ఆగకూడదు."

వేరే రోజైతే మెకానిక్ ఆ బండి మీద ఈపాటికి నాలుగు జోకులు వేసి ఉండేవాడు. ఇవాళ అతని కళ్లు వాచిపోయి ఉన్నాయి.

నిన్న చీకటిపడ్డాక వంతెన దగ్గర నడిచొస్తున్న అతని తమ్ముణ్ణి ఎవడో గుద్దేసి పోయాడు. తల పగిలింది. ఇంకా తెలివి రాలేదు. ఎవరో తెచ్చి ఆసుపత్రిలో పడుకోబెట్టి వెళ్లారట, అంతవరకు అదృష్టం అనుకున్నారు. అమ్మా నాన్నా లేని పిల్లాణ్ణి చంకనేసుకుని పెంచాడు మెకానిక్. అలాంటి తమ్ముడు కళ్లు తెరవకుండా పడి ఉంటే, మరదల్ని మంచం దగ్గర కూర్చోబెట్టి వచ్చి షెడ్డు తెరిచాడు.

పని కోసం కాదు.

వంతెన కాపలావాడు బైకు చప్పుడు విన్నానన్నాడు. మనిషిని గుద్దిన బైకు ఎక్కడో ఒకచోట మెకానిక్ దగ్గరికి రాక తప్పదు. ఊళ్లో మెకానిక్‌లందరికీ ఫోన్లు చేసి చెప్పాడు. తన షెడ్డులో తను కాపు కాస్తున్నాడు.

"బాబాయ్, సాకెట్ ఉందేమో చూడు," అని వైరింగ్ చేసే ముసలాయనకి చెప్పి, తనే బోల్టులు విప్పి సీటు పైకెత్తాడు.

చేతికి జిగటగా తగిలింది.

సీటు వెనక భాగంలో, కుట్ల మధ్య, ఎండీ ఎండని రక్తం.

"బండి ఎక్కడాగింది?" చాలా మామూలుగా అడిగాడు.

"వంతెన దాటగానే."

"ఈ రక్తం ఎవరిది?"

"అదా, నిన్న ఒకతను రోడ్డు మీద..."

పానా సూటిగా నోటి మీద పడింది.

మనిషి వెల్లకిలా పడ్డాడు. రెండో దెబ్బకి పళ్లు రాలాయి. చెయ్యి అడ్డం పెడితే మణికట్టు విరిగింది.

"చొక్కా మార్చుకున్నావు గానీ సీటు తుడుచుకోవడం మర్చిపోయావు కదరా," అంటూ మెకానిక్ డొక్కలో తన్నాడు. మళ్లీ తన్నాడు. ఏడుస్తూ తన్నాడు.

పక్క షెడ్ల వాళ్లు పరిగెత్తుకొచ్చారు.

"ఎవడ్రా వీడు?"

"తమ్ముణ్ణి గుద్దింది వీడేనట."

ఆ 'అట' చాలు మనవాళ్లకి. తలా ఒక చెయ్యి వేశారు. పంచర్లు వేసేవాడైతే అదికూడా వినకుండానే ఇనప రాడ్డు అందుకున్నాడు.

కింద పడ్డ మనిషి ఏదో చెప్పబోయాడు. నోట్లోంచి నెత్తురు తప్ప మాట రాలేదు. నోరు తెరిచినప్పుడల్లా ఇంకొకటి పడింది.

బాబాయ్ బైకు ముందు గొంతుక్కూర్చుని హెడ్‌లైటు తడిమి చూశాడు. మడ్‌గార్డు తడిమాడు.

"ఒరేయ్, ఆగరా. ఒక్కసారి ఈ బండి ముందు చూడు..."

"నువ్వు నోర్మూసుకో బాబాయ్."

అప్పుడు ఫోన్ మోగింది. మరదలు.

"బావగారూ, ఆయన కళ్లు తెరిచారు. మాట్లాడుతున్నారు."

మెకానిక్ చేతిలోని పానా కింద పెట్టేశాడు. మొహమంతా తుడుచుకున్నాడు.

"ఇక వీణ్ణి పోలీసులకి అప్పజెప్పు," అన్నారు ఎవరో.

"అప్పజెప్తా. ముందు నా తమ్ముడు వీడి మొహం చూడాలి."

ఆటోలో కాళ్ల దగ్గర పడేశారు. బాబాయ్ కూడా ఎక్కి, ఆ తల తీసి తన ఒళ్లో పెట్టుకున్నాడు. దారిలో ఆ మనిషి మెకానిక్ లాగు అంచు పట్టుకుని లాగాడు. ఏదో అడుగుతున్నట్టుగా ఆసుపత్రి వైపు చూశాడు.

"నీ కథలు నాకక్కర్లేదు," అని మెకానిక్ ఆ వేళ్లు విదిలించేశాడు.

ఆసుపత్రి గుమ్మంలో నర్సు అడ్డం వచ్చింది. ఆమెని తోసేసి, చొక్కా పట్టుకుని ఈడ్చుకుంటూ తమ్ముడి మంచం దాకా తీసుకెళ్లాడు. తల పట్టుకుని పైకెత్తాడు.

"చూడరా తమ్ముడూ. తప్పించుకోనిస్తానా?"

తలకి కట్టుతో తమ్ముడు మెల్లగా పక్కకి తిరిగాడు. వాచిపోయిన ఆ మొహాన్ని పోల్చుకోవడానికి కాసేపు పట్టింది.

ఈలోగా డాక్టరు వచ్చాడు. కింద కూర్చుని ఆ మనిషి మెడ దగ్గర వేళ్లు పెట్టి చూశాడు. కనురెప్పలు ఎత్తి చూశాడు. తల అడ్డంగా ఊపి చెయ్యి తీసేశాడు.

"ఈయన్ని ఎవరు కొట్టారన్నయ్యా?" తమ్ముడు అడిగాడు. "నన్ను గుద్దిన కారు ఆగను కూడా లేదు, ఈయన బండెక్కించుకుని, అదీ ఆగిపోతే వీపున వేసుకుని, నిద్రపోయావంటే చంపేస్తానని దారంతా తిడుతూ నన్ను ఇక్కడికి చేర్చాడు."