పిట్ట సూది

మధ్యధరా తీరపు నల్లటోపీ పిట్ట వలస వేళ రాత్రిళ్ళు నిద్రపోదు, రెట్టింపు తింటుంది. ఆ గుణాన్ని ఇప్పుడు ఆఫీసులన్నీ ఉద్యోగులకు సూదిమందుగా ఎక్కిస్తున్నాయి. మా ఆయన నన్నడక్కుండానే పొడిపించుకున్నారు. శరదృతువంతా రాత్రిళ్ళు ఆయన పని చేశారు, నేను అట్లు పోశాను.

"నాకూ నిద్ర కావాలండీ."

"ఇంట్లో ఉండేదానివేగా హైమా, పగలు పడుకో. ఇంకో రెండు వెయ్యి."

వేశాను. చైత్రం దాకా ఓపిక పట్టాను. నేను జువాలజీ చదివానని ఆయన మర్చిపోయారు. వసంతంలో ఆ నల్లటోపీ మగపిట్ట వరసగా గూళ్ళు కడుతూనే ఉంటుంది, ఆడపిట్టకు ఒకటి నచ్చేదాకా.

ఇవాళ నేను కళ్ళు తెరిచేసరికి ఆయన ఇల్లంతా మళ్ళీ సర్ది, చీపురు పట్టుకుని చెమటలు కక్కుతూ నిలబడ్డారు.

"ఇప్పుడైనా నచ్చిందా?"

"వంటింట్లో గిన్నెల వరస బాలేదండీ," అని దుప్పటి ముసుగేసుకున్నాను.