కొవ్వు కరిగిన చోటు

"అన్నం మానేసి మాంసం, వెన్నతోనే గడిపితే ఒళ్లు తగ్గింది కానీ, రక్తంలో కొవ్వు బాగా పెరిగింది. ఈ పథ్యం ఆపెయ్యండి," అన్నాడు డాక్టరు.

తన ప్యాంట్ల నడుము తనే బిగించి కుట్టుకుని మురిసిపోతున్న దర్జీకి ఉసూరుమంది. లేచాడు. భార్య మాత్రం లేవలేదు.

"ఆపేస్తే మళ్లీ మునుపటిలా అయిపోతారా, డాక్టరుగారూ?"

"లావైపోతారనా?"

"కాదండీ. ఈ తిండి మొదలెట్టాక ఈయన మాటల్లో కొవ్వు కరిగింది. ఇంట్లో అరుపుల్లేవు. నాకూ కాస్త కునుకు పడుతోంది."

డాక్టరు నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

మెట్లు దిగుతూ దర్జీ రెయిలింగు పట్టుకుని ఆగిపోయాడు.

"నా అరుపులకి నీకు నిద్ర ఉండదని ఇన్నేళ్లూ నాతో ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే అరుస్తారని," అందావిడ అలసటగా.