గోడ మీద ఎండ

"ఈసారి కూడా దొరక్కపోతే ఈ కుంచెలన్నీ సముద్రంలో పారేస్తాను. ఇక బొమ్మల జోలికి పోను," అన్నాడు డ్రాయింగు మాస్టారు, మడత కుర్చీ కాళ్ళు ఇసుకలో దిగేస్తూ.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మధ్యలో కుంచెలేం చేశాయండీ?" అంది భార్య. గాలి కొడుతోందంటూ గొడుగు తెరిచి ఆయన ముందు అడ్డంగా పట్టుకుంది.

నిజానికి ఆయన తగాదా కుంచెలతో కాదు, ఎండతో. శరత్కాలం సాయంత్రాల్లో లైట్‌హౌస్ పక్కనున్న వాచ్‌మన్ గది గోడ మీద బంగారం కరిగించి పోసినట్టు ఎండ పడుతుంది. పది నిమిషాలు, అంతే. బొమ్మలో సముద్రం, ఇసుక, పడవ ఎప్పుడో కుదిరాయి. ఆ తెల్లగోడే ఏడేళ్ళుగా ఏడిపిస్తోంది. కళ్ళజోడు సర్దుకుని, రంగు కలిపి, వణికే చెయ్యి నిలదొక్కుకునేసరికి ఎండ కాస్తా జారుకుంటుంది.

"మబ్బు పట్టింది. ఇవాళ కూడా అంతే సంగతులు."

"తొందరేముంది? కూర్చోండి."

ఆ మాట అంటూండగానే పడమట మబ్బు చీలింది. ఎండ బయటికి దూకింది. భార్య చటుక్కున గొడుగు పక్కకు తీసింది. గోడ ధగధగలాడిపోతోంది.

మాస్టారు కుంచె అందుకున్నాడు. "పసుపు ట్యూబు ఇవ్వు. అది కాదు, పెద్దది."

"ఇదిగో. చొక్కా మీద పడుతోంది, చూసుకోండి."

"చొక్కా సంగతి తర్వాత."

కుంచె పరుగందుకుంది. ఇంతలో మబ్బు మళ్ళీ మూసుకుంది. నీళ్ళు నల్లబడ్డాయి, ఇసుక మసకబారింది. గోడ మాత్రం చెక్కుచెదరలేదు.

"చూశావా? సూర్యుడు పోయినా ఎండ పోలేదు. నలభై ఏళ్ళుగా బొమ్మలేస్తున్నాను, ఇంత వింత ఎన్నడూ చూళ్ళేదు."

"అదృష్టం కలిసొచ్చినప్పుడు ఆరాలు తియ్యకూడదు. మాట్లాడకుండా వెయ్యండి," అంది భార్య గొడుగు మడుస్తూ.

అరగంట గడిచింది. ఆఖరి గీత పెట్టి ఆయన లేచి నిలబడ్డాడు. బొమ్మలో గోడ వెలిగిపోతోంది. అరవై దాటిన మనిషి ఇసుకలో రెండు గంతులేశాడు. ఆనందం పట్టలేక కళ్ళు తుడుచుకున్నాడు.

"దొరికింది. ఏడేళ్ళకు దొరికింది. వచ్చే ఏడు పడవల రేవు మొదలుపెడతాను."

ఆ మాట కోసమే కాచుక్కూచున్న భార్య ముఖం విప్పారింది. "పెట్టండి. కుర్చీ నేను మోస్తాలెండి."

పారేస్తానన్న కుంచెల్నే పట్టుకుని ఆయన నీళ్ళ అంచుకు వెళ్ళాడు. ఒక్కొక్కటే కడుక్కుంటూ ఈల వేస్తున్నాడు.

ఆయన దూరం వెళ్ళాడని చూసుకుని, గది వెనకనుంచి వాచ్‌మన్ వచ్చాడు. చేతిలో మూత పెట్టిన డబ్బా ఉంది.

"అమ్మగారూ, మీరు చెప్పినట్టే పొద్దున గోడకు రెండు పూతలు వేశాను. మిగిలిన పసుపు రంగు వచ్చే ఏటికి దాచమంటారా?"