చేతికి చదువు

ఆవు ఉన్నట్టుండి కాలు విదిలించింది.

ప్రేమకుమారి భయపడి చెయ్యి వెనక్కి లాగేసుకుంది. మోచేతి దాకా పట్టించిన సబ్బు నురగ జారి చీర కుచ్చిళ్ల మీద పడింది.

వెనక నిలబడ్డ మగపిల్లలు నవ్వారు.

1976లో, పుంగనూరులో పశువైద్య సహాయకుల శిక్షణకు చేరినవాళ్లలో ఆమె ఒక్కతే ఆడపిల్ల. మదనపల్లె మిషన్ ఆస్పత్రిలో ఆయాగా పనిచేసే తల్లి ఆమెను నర్సును చేయాలనుకుంది. కూతురు మాత్రం పశువుల వైద్యమే కావాలని పట్టుబట్టి వచ్చింది.

"చూడి పరీక్ష చేతకానివాళ్లకు సర్టిఫికెట్ లేదు," అని మొదటిరోజే చెప్పేశాడు సుబ్బరాయుడు సారు. "కడుపులో దూడ ఉందో లేదో చేత్తో తడిమి చెప్పాలి. పుస్తకం చదివితే రాదు."

తడమడానికి ఆవులేవి? నేర్చుకునే పిల్లల చేతికి తన గొడ్డును ఏ రైతు అప్పగిస్తాడు?

దగ్గరి పల్లెనుంచి ఆవును తోలుకుని వచ్చేది ఒక్క రుక్మిణమ్మే.

వారానికోసారి, పొద్దున్నే, మంచులోంచి ముందు మెడగంట చప్పుడు వినిపించేది. తర్వాత ఒక పొట్టి ఆవు కనిపించేది. ఆ తర్వాత ఆమె. ఎవరి కలలోంచో దారి తప్పి వచ్చినట్టుండేవాళ్లు ఇద్దరూ.

"తవుడు కోసం వస్తుంది," అనేవాళ్లు పిల్లలు. ఆవును తెచ్చినందుకు ఆమె కొంగులో ఇంత తవుడు పోసి పంపేవాళ్లు మరి.

ప్రేమకుమారి కూడా అదే అనుకుంది.

కాలు విదిలించిన ఆవు గంగడోలు నిమిరింది రుక్మిణమ్మ.

"యాల భయం? నేను తల పట్టుకోనుండాను గదా. పెట్టమ్మా సెయ్యి."

"దానికి నొప్పేమో."

"ఓర్సుకుంటాదిలే. నువ్వు నేర్సుకో."

ప్రేమకుమారి మళ్లీ చెయ్యి పెట్టింది.

"కళ్లు మూసుకో," అన్నాడు సారు.

మూసుకుంది.

నవ్వులు దూరంగా వెళ్లిపోయాయి. వెచ్చటి చీకటి. రుక్మిణమ్మ ఆవు చెవి దగ్గర ఏదో కూనిరాగం తీస్తోంది. ఆ రాగం ఆవు ఒంట్లోంచి పారి తన వేళ్లను చేరుతున్నట్టుంది. తను ఎక్కడుందో, ఎంతసేపయిందో ప్రేమకుమారికి తెలియలేదు.

అప్పుడు తగిలింది. నీళ్లలో చేపపిల్ల తోక తగిలినట్టు, ఓ చిన్న గిట్ట అరచేతిని తాకి పక్కకు జరిగింది.

"ఉంది సార్! దూడ ఉంది!"

కళ్లు తెరవకుండానే అరిచింది. రెప్పల కిందినుంచి నీళ్లు కారుతున్నాయి.

"నేర్సుకుంటివా అమ్మా?" అంది రుక్మిణమ్మ.

తల ఊపింది.

రుక్మిణమ్మ మొహం ఎంత వెలిగిపోయిందంటే, పాసయింది ఆమేనేమో అనిపించింది.

*

ఏడేళ్లు గడిచాయి.

కుప్పం దగ్గర ఒక పల్లెలో, మిట్టమధ్యాహ్నం, ఆవు ఈనలేక పడిపోయి ఉంది. ప్రేమకుమారి నేలమీద పడుకుని, కళ్లు మూసుకుని, చెయ్యి లోపలికి పోనిచ్చింది. దూడ ముందరి కాలు వెనక్కి మడతపడి ఉంది. గిట్టను అరచేతిలో దాచుకుని, మెల్లగా, మెల్లగా తిప్పింది.

లేచి కూర్చుని లాగితే, దూడ జారి ఆమె ఒళ్లో పడింది.

"సల్లగుండు తల్లీ. యాడ నేర్సుకున్యావు ఈ ఇద్దె?" అన్నాడు రైతు.

"పుంగనూరులో," అందామె.

ఆ కూనిరాగం గుర్తొచ్చింది. ఆ మొహం గుర్తొచ్చింది. శిక్షణ అయిపోగానే ఆమెకు ఒక్క మాటైనా చెప్పకుండా బస్సెక్కేశానని గుర్తొచ్చింది.

ఆదివారం ఆరాధన ముగిసీ ముగియగానే పుంగనూరు బస్సెక్కింది. వాళ్లనూ వీళ్లనూ అడిగి, మిట్టలు దాటి, చెనక్కాయ చేల మధ్య ఉన్న ఆ పల్లె చేరింది.

కొట్టంలో పొట్టి ఆవు నెమరేస్తోంది. ముసలిదైపోయింది.

"రుక్మిణమ్మగారు ఉన్నారా?"

గాటి దగ్గర పేడ ఎత్తుతున్న ఆడమనిషి నడుము నిలబెట్టింది. రుక్మిణమ్మ తోడికోడలు, వరలక్ష్మి.

"మా యక్క యాడుందమ్మా. పోయిన కోతలప్పుడే పోయె."

ప్రేమకుమారి తెచ్చిన పళ్ల సంచి అరుగు మీద పెట్టి, ఆవు దగ్గరికెళ్లి దాని వీపు మీద చెయ్యి వేసింది.

"పుంగనూరు బడిలో నాకు చెయ్యి తిరిగింది దీని దగ్గరేనమ్మా," అంది. "ఆమె తవుడు కోసం వస్తోందనుకునేవాళ్లం."

"తవుడా?" వరలక్ష్మి నవ్వబోయి ఆగిపోయింది. "దావలో ఎవురి గొడ్డు కనపడితే దానికి పెట్టేసొస్తా ఉండె."

"మరి ఎందుకు వచ్చేది?"

వరలక్ష్మి చేతులు కడుక్కుని వచ్చి అరుగు మీద కూర్చుంది.

"దీని తల్లి ఉండె. మా బావ పోయినాక మా యక్క గంజి తాగింది ఆ ఆవు పాలమిందే. అది ఈనలేక పడిపోతే ఒక డాక్టరు వచ్చినాడు. సదువు ముగించి అప్పుడే కొత్తగా పనిలోకి వచ్చినోడు. లోపల ఏముండాదో ఆ చేతికి తెలీలేదు. ఆవూ పాయె, దూడా పాయె. ఊరంతా వాణ్ణి కొట్టేదానికి పోతే మా యక్క అడ్డం నిలబడె."

"ఏమంది?"

"'యాల నేర్సుకోలేదప్పా?' అని అడిగింది. 'నేర్సుకునేదానికి ఎవురూ ఆవునియ్యలేదమ్మా' అని వాడు కండ్లనీళ్లు పెట్టుకున్యాడు."

వరలక్ష్మి ఆవు వైపు చూసింది.

"ఆ మరుసటి వారమే మా యక్క, తనకు మిగిలుండే ఈ ఒక్క ఆవును తోలుకోని మీ బడి దావ పట్టింది."