శుక్రవారం సోదా

“అబ్బాయ్, సంచి పట్టుకుని ఇట్రా.”

బడి గుమ్మంలో నిలబడ్డ పోలీసు డోర్సీ, వేలన్ భుజం మీద చెయ్యి వేశాడు.

బస్సు తప్పిపోయిందని మనవడు వేలన్‌ని తన డొక్కు ట్రక్కులో దింపడానికొచ్చిన వెర్లా అది కళ్ళారా చూసింది.

అదే గుమ్మంలోంచి కార్ల వ్యాపారి కొడుకు ప్రెస్టన్ ఈల వేసుకుంటూ లోపలికి పోయాడు. వాడి సంచి వంక పోలీసు కన్నెత్తి కూడా చూడలేదు.

“శుక్రవారం వచ్చిందిరోయ్! లోయలోడికి సోదా మొదలు!” అన్నాడు ప్రెస్టన్.

పక్కవాళ్ళు పగలబడి నవ్వారు.

వేలన్ తల వంచుకుని డోర్సీ వెనకాల చిన్న గదిలోకి వెళ్ళాడు. తలుపు మూసుకుంది.

వెర్లాకి అరికాలి మంట నెత్తికెక్కింది.

కొడుకు బొగ్గుగనిలో పోయిన దగ్గర్నుంచి లోయలోని పేదల పేటలో వాడి ఇద్దరు పిల్లల్నీ రెక్కలు ముక్కలు చేసుకుని సాకుతోంది. ఆమధ్య బడి నుంచి ఎవరో ఒకావిడ వచ్చి, “బడి లేని రెండు రోజులకీ పిల్లలకి తిండి సంచి ఇస్తాం, ఊరికే” అంటే మెట్టు కూడా ఎక్కనివ్వలేదు.

“చెయ్యి చాచే కొంప కాదిది. నడు!” అని తలుపేసింది.

అలాంటి ఇంటి పిల్లాడికా సోదా!

తలుపు తెరుచుకోగానే మీదికి పోయింది.

“ఏమయ్యా, ఏం దొరికింది?”

“ఏం లేదమ్మా.”

“ఏం లేకపోతే వారం వారం ఈ చెకింగేంటి? లోయలో పుడితే దొంగలేనా?”

డోర్సీ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“నానమ్మా, నువ్వెళ్ళు. గొడవొద్దు,” అన్నాడు వేలన్, సంచి గుండెకి అదుముకుని.

సాయంత్రం వాడు ఎప్పట్లాగే ఆ సంచిలోంచి చిక్కుడు గింజల డబ్బాలు, మొక్కజొన్న పిండి, పీనట్ బటర్ సీసా తీసి బల్ల మీద పెట్టాడు. చెల్లెలు జూనీ సీసా మీద పడింది.

“బెర్ట్ గారి కొట్లో సరుకు దింపినందుకు ఇచ్చారు నానమ్మా.”

“చూడవే జూనీ, మీ అన్న చెమటోడ్చి తెచ్చాడు. ఇలాంటోణ్ణా ఆ పోలీసోడు దొంగని చూసినట్టు చూసేది? వాడి ఉద్యోగం ఊడగొట్టకపోతే నా పేరు వెర్లా కాదు.”

“వద్దు నానమ్మా.”

“నువ్వు నోర్ముయ్. నీ తరఫున నేను అరుస్తా.”

అన్నంత పనీ చేసింది. లోయలో తల్లులందర్నీ కూడగట్టుకుని, వేలన్‌ని వెంటబెట్టుకుని బడి బోర్డు సమావేశానికి వెళ్ళింది.

డోర్సీ చివరి వరసలో, కిరాణా కొట్టు బెర్ట్ పక్కన కూర్చుని ఉన్నాడు.

“కార్ల వ్యాపారి కొడుకు సంచి ఒక్కనాడైనా వెతికావా?” వెర్లా గొంతుకి హాలు అదిరింది.

“లేదమ్మా.”

“ఎందుకు వెతకలేదు?”

“ఆ అబ్బాయి సంచితో నాకు పనిలేదమ్మా.”

“విన్నారా! డబ్బున్నోడి సంచితో పనిలేదంట! లేనోడిదైతే కెలకాలంట! సిగ్గులేకపోతే సరి!”

తల్లులంతా లేచి అరిచారు. బెర్ట్ ఏదో అనబోతూ సగం లేచాడు. డోర్సీ అతని చొక్కా పట్టి కూర్చోబెట్టాడు.

“దీనికి నీ సమాధానం ఏమిటి?” అడిగాడు బోర్డు పెద్ద.

డోర్సీ ఒక్కసారి వేలన్ వైపు చూశాడు. వేలన్ తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు.

“చెప్పడానికేం లేదండి.”

అక్కడికక్కడే తీసేశారు. చప్పట్లు మోగిపోయాయి.

బయటికి పోతూ డోర్సీ వేలన్ దగ్గర ఆగాడు. భుజం మీద చెయ్యి వేశాడు.

“చెయ్యి తీయ్!” అని గద్దించింది వెర్లా.

తీసేసి వెళ్ళిపోయాడు.

మరుసటి శుక్రవారం కొత్త పోలీసు వచ్చాడు. వేలన్‌ని ఆపలేదు. వెర్లా గెలిచానని లోయంతా చెప్పుకుంది.

ఆ సాయంత్రం వేలన్ సంచిలో పుస్తకాలే ఉన్నాయి.

“పీనట్ బటర్ ఏదన్నా? ఇవాళ శుక్రవారమేగా?” అంది జూనీ.

“బెర్ట్ గారు... పన్లోకి రావద్దన్నారు.”

వెర్లా ట్రక్కు తాళం అందుకుంది.

“నానమ్మా, వెళ్ళకు!” వేలన్ వెనకాలే పరిగెత్తుకొచ్చాడు. ట్రక్కు అప్పటికే మలుపు తిరిగింది.

“ఏమయ్యా బెర్ట్!” కొట్టు తలుపు తోసుకుని వెళ్ళింది. “నా మనవణ్ణి ఎందుకు మాన్పించావ్? నీక్కూడా లోయవాళ్ళంటే చులకనేనా?”

బెర్ట్ తెల్లబోయాడు.

“మాన్పించడమేంటి వెర్లా? వేలన్ నా కొట్లో ఎప్పుడు చేశాడు?”

“మరి ప్రతి శుక్రవారం ఆ డబ్బాలు, పిండి, ఆ సీసా ఎక్కణ్ణుంచి వచ్చాయి? అబద్ధాలాడకు, వాటి మీద నీ కొట్టు చీటీలే ఉన్నాయి.”

బెర్ట్ బల్ల కింద నుంచి కట్టి ఉంచిన సంచి ఒకటి తీసి ఆమె ముందు పెట్టాడు. పైన పీనట్ బటర్ సీసా కనబడుతోంది.

“ఇవాళ పొద్దున వచ్చి కొనుక్కెళ్తాడని అలవాటు కొద్దీ కట్టాను. ఇంక రాడుగా.”

“ఎవరు?”

“బడిలో అందరి ముందూ తిండి సంచి తీసుకోవడం కన్నా పోలీసుకి దొరికానని అనిపించుకోవడమే నయమన్నాడంట మీవాడు. ఆ రోజు సమావేశంలో చెప్పేద్దామని నేను లేస్తే, కుర్రాడి పరువు పోతుందని చొక్కా పట్టి లాగాడు.”

వెర్లా ఆ సీసాని చేతిలోకి తీసుకుంది.

“‘వాళ్ళ నానమ్మ చెయ్యి చాచే మనిషి కాదు బెర్ట్, అందుకే సోదా అని చెప్పి సంచిలో పెట్టేస్తున్నా’ అని నవ్వేవాడు డోర్సీ.”